పదహారు మెట్లు, ఒక కొండ

మాది కాకినాడ. కోరంగి అంటే మాకు మడ అడవులు, ఆదివారం పిల్లలతో నడిచే చెక్క వంతెన. మారిషస్‌లో అది మనుషుల పేరని పోర్ట్ లూయీ వెళ్లేదాకా తెలియదు. మన కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని అక్కడి తెలుగువాళ్లను ఒకప్పుడు 'కోరంగి' అనే పిలిచేవారట. మా ఇంట్లో పెద్దవాళ్లు 'ఓడెక్కాడు' అంటే రంగూన్ వెళ్లాడనే అర్థం. మారిషస్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

పోర్ట్ లూయీ రేవు పక్కనే ఆప్రవాసి ఘాట్. కూలీలు దిగి నడిచిన రాతి మెట్లు పదహారు. లెక్కపెట్టుకుంటూ ఎక్కితే నిమిషం కూడా పట్టలేదు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని ఇక్కడికి తెచ్చింది. బానిసత్వం రద్దయింది ఆ తరవాత మూడు నెలలకు, 1835 ఫిబ్రవరి 1న. పాతవాళ్ల సంకెళ్లు ఊడకముందే కొత్తవాళ్లు దిగారన్నమాట. తోటల యజమానులది ఎంత ముందుచూపో!

రద్దుకు నష్టపరిహారం కూడా ఇచ్చారు, యజమానులకు. సామ్రాజ్యం మొత్తానికి 2 కోట్ల పౌన్లు కేటాయిస్తే ఇక్కడివారికి దాదాపు 20 లక్షలు వచ్చాయి. కొత్త కూలీలను రప్పించడానికి చాలామందికి ఆ సొమ్మే అక్కరకొచ్చింది. విడుదలైనవారికి పైసా లేదు. పైగా 'అప్రెంటిస్' అని పేరు మార్చి, పాత యజమాని దగ్గరే మరికొన్నేళ్లు చాకిరీ చేయించుకున్నారు. 1839లో అదీ ముగిశాక ఎక్కువమంది తోటల మొహం చూడలేదు. తీరాలకు పోయి చేపలు పట్టుకున్నారు, చేతిపనులు చేసుకున్నారు. ఖాళీ అయిన ఆ పాకల్లోకి మనవాళ్లు చేరారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, కొంత బియ్యం, పప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఈ లెక్క చదివి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మర్నాడు నైరుతి కొసన ఉన్న లె మోర్న్ కొండకు వెళ్లాను. పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు. విడుదల కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని శిఖరం నుంచి దూకేశారని అక్కడ చెప్పుకునే కథ. కారు నడిపిన పెద్దాయన ఆఫ్రికా సంతతివాడు. కథ నిజమేనా అని అడిగితే కొండకేసి చూశాడే తప్ప ఔననలేదు, కాదనలేదు.

"మీవాళ్ల ఊరు, తండ్రి పేరు, ఎక్కిన ఓడ, అన్నీ ఇక్కడి మోకా అనే ఊళ్లో దాచిన రిజిస్టర్లలో ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చి వెతుక్కుంటారు. మావాళ్ల పేర్లూ రాశారు, యజమాని ఆస్తి జాబితాలో. ఆ పేరు పెట్టిందీ అతనే. దానిని పట్టుకుని నేను ఏ ఊరు వెళ్లను?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మాట మార్చాలని, ఇక్కడ రద్దు రోజుకు సెలవు ఇస్తారా అని అడిగాను.

"ఫిబ్రవరి 1న మాకు, నవంబరు 2న మీకు. రెండు రోజులూ అందరికీ సెలవే."

"మీరు రెండు చోట్లకూ వెళ్తారా?"

"బేరం దొరికితే వెళ్తాను" అని తాళం తిప్పాడు.