బీట్రీవ్‌ని కొత్త సర్వర్‌కి మార్చిన కథ

మా ఆఫీసులో బిల్లింగ్, స్టాకు, లెడ్జరు అన్నీ ఒక పాత ప్రోగ్రామ్ మీదే నడుస్తాయి. దాని అడుగున ఉన్నది బీట్రీవ్ అనే డేటాబేస్ ఇంజిన్, అంటే డేటా ఫైళ్లను చదివి రాసిపెట్టే సాఫ్ట్‌వేర్. 1982లో సాఫ్ట్‌క్రాఫ్ట్ అనే చిన్న కంపెనీ దీన్ని తెచ్చింది, 1987లో నోవెల్ కొనుక్కుంది, తర్వాత పర్వేసివ్ అయింది, 2013లో యాక్టియన్ చేతికి వచ్చింది. ఇప్పటి పేరు జెన్. పేర్లెన్ని మారినా లోపలి పని తీరు మారలేదు. ప్రోగ్రామ్ ‘ఈ కీ (రికార్డును వెతికే గుర్తు, ఉదాహరణకి బిల్లు నంబరు) ఉన్న రికార్డు ఇవ్వు’, ‘దాని తర్వాతది ఇవ్వు’ అని ఒక్కొక్కటే అడుగుతుంది, ఇంజిన్ తెచ్చి ఇస్తుంది. గెట్ ఈక్వల్‌కి 5, గెట్ నెక్స్ట్‌కి 6 అంటూ ప్రతి పనికీ ఒక నంబరు. దీన్ని రికార్డ్ మేనేజర్ అనేది అందుకే.

పాత సర్వర్ డిస్కు మొరాయించడం మొదలుపెట్టాక, మొత్తాన్ని కొత్త సర్వర్‌కి మార్చే పని నా మీద పడింది. ఫైళ్లు చూస్తే మామూలు ఫైళ్లలాగే ఉంటాయి. ఒక ఫోల్డర్, అందులో కస్టమర్లకొకటి, ఇన్‌వాయిస్‌లకొకటి, స్టాకుకొకటి. ‘కాపీ పేస్ట్ చేస్తే అయిపోతుంది కదా’ అన్నారు మా మేనేజర్ గారు. అందరినీ ప్రోగ్రామ్ నుంచి బయటికి పంపి, ఇంజిన్ ఆపి చేస్తే, కాపీ వరకూ నిజంగానే అయిపోతుంది. అసలు తంటా ఏమిటంటే, ఆ ఫైళ్ల దగ్గరికి వెళ్లే దారి ఒక్కటే ఉండాలి, అది ఇంజిన్ గుండా పోవాలి. నేను పడ్డ తిప్పలన్నీ దాదాపు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి.

సర్వర్‌లో ఇంజిన్ పెట్టడం సులువు. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి ఇన్‌స్టాలర్ నడిపి, లైసెన్స్ కీ ఎక్కిస్తే సర్వీస్‌గా కూర్చుంటుంది. లైసెన్స్‌లో యూజర్ల సంఖ్య సరిపోకపోతే స్టేటస్ 161 అనే ఎర్రర్ నంబరు వస్తుంది కాబట్టి ముందే తలకాయలు లెక్కపెట్టుకోవాలి. ఫైర్‌వాల్‌లో 3351 పోర్టు తెరవాలి, బీట్రీవ్ పిలుపులు వచ్చేది దాని మీదే. ఓడీబీసీతో (ఎక్సెల్ లాంటి వేరే ప్రోగ్రామ్‌లు డేటా చదివే దారి) రిపోర్టులు తీసుకునేవాళ్లు ఉంటే 1583 కూడా కావాలి.

క్లయింట్ల దగ్గర, అంటే యూజర్ల కంప్యూటర్లలో ఉండి సర్వర్ ఇంజిన్‌తో మాట్లాడే భాగం దగ్గర, ఓపిక కావాలి. మా ప్రోగ్రామ్ 32 బిట్‌ది, కంప్యూటర్లన్నీ 64 బిట్‌వి. ప్రోగ్రామ్ ఏ రకానిదో ఆ రకం క్లయింట్ ఉండాలి, విండోస్ ఏదైతే నాకేంటి అంటుంది అది. అన్నీ పెట్టి, నెట్‌వర్క్ డ్రైవ్‌ని కొత్త సర్వర్‌కి మ్యాప్ చేసి తెరిచాం. చాలా కంప్యూటర్లలో పనిచేసింది. కొన్నింటిలో స్టేటస్ 116.

ఈ స్టేటస్ నంబర్ల గురించి ఒక మాట. మొదట్లో వీటిని చూస్తే టెన్షన్ వస్తుంది, కానీ అలవాటయ్యాక ఇంత సూటిగా మాట్లాడే సాఫ్ట్‌వేర్ నాకింకోటి కనిపించలేదు. 4 అంటే ఆ కీ దొరకలేదు. 5 అంటే ఆ కీ ఇప్పటికే ఉంది. 9 అంటే ఫైలు చివరికొచ్చాం. 84 అంటే రికార్డు ఇంకొకరు పట్టుకున్నారు, 85 అంటే ఫైలే లాక్ అయి ఉంది. 94 అంటే అనుమతి లేదు. 2 వస్తే మాత్రం కాస్త భయపడాలి, ఫైలు చెడిపోయి ఉండొచ్చు.

116 అంటే ఆ ఫైలు ఇప్పుడు వేరే ఇంజిన్ చేతిలో ఉందని అర్థం. వేరే ఇంజిన్ ఎక్కడిది? వెతికితే ఒక పాత కంప్యూటర్లో ఎప్పుడో ఎవరో పెట్టిన వర్క్‌గ్రూప్ ఇంజిన్ (సర్వర్ లేని చిన్న ఆఫీసుల కోసం ఉండే బీట్రీవ్ రకం) ఇంకా నడుస్తోంది. దాన్ని తీసేశాం. క్లయింట్ సెట్టింగ్స్‌లో లోకల్ మైక్రోకర్నెల్ (ఆ కంప్యూటర్లోనే ఉన్న ఇంజిన్) వాడకం ఆపేసి, రిమోట్ (సర్వర్‌లోని ఇంజిన్) ఒక్కటే ఉంచాం. ఫైళ్లను తన చేతిలో పెట్టుకున్న అలాంటి ఇంజిన్‌ని గేట్‌వే అంటారు, ఆ ఫైళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పే లొకేటర్ ఫైలు అది పెట్టింది డేటా ఫోల్డర్‌లో మిగిలిపోయి ఉంటే, అందరినీ బయటికి పంపాక అదీ తీసేయాలి. ఆ తర్వాత 116 మళ్లీ కనబడలేదు.

యాంటీవైరస్ కూడా ఇలాగే దారిలో దూరే శాల్తీ. అది ఫైలు పట్టుకుని స్కాన్ చేస్తున్న క్షణంలో ఇంజిన్ తెరవబోతే గొడవే. డేటా ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించాం.

బ్యాకప్ దగ్గర నేను ఎక్కువ సమయం పెట్టాను, పెట్టాల్సిందే. ఇంజిన్ ఫైలు తెరిచి రాస్తుండగా కాపీ తీస్తే, సగం పాత పేజీలు, సగం కొత్త పేజీలు ఉన్న కాపీ చేతికి రావచ్చు. చూడటానికి సైజు సరిగానే ఉంటుంది. అవసరం పడ్డ రోజున బండారం బయటపడుతుంది. దీనికి బ్యూటిల్ అనే కమాండ్ లైన్ టూల్‌లో స్టార్ట్‌బీయూ అనే కమాండ్ ఉంది. అది ఇచ్చాక ఇంజిన్ అసలు ఫైలును ముట్టుకోకుండా, కొత్త మార్పులన్నీ పక్కన ఒక డెల్టా ఫైలులో రాస్తుంది. దాని ఎక్స్‌టెన్షన్ ^^^. కాపీ అయ్యాక ఎండ్‌బీయూ ఇస్తే ఆ మార్పులు అసలు ఫైలులో కలుస్తాయి. బ్యాకప్ స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయి ఎండ్‌బీయూ నడవకపోతే డెల్టా పెరుగుతూనే ఉంటుంది. దాన్ని చెత్త ఫైలనుకుని ఎవరైనా డిలీట్ చేస్తే అంతసేపటి బిల్లులూ గోవిందా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. డెల్టా ఫైలు అసలు ఫైలు పేరే తీసుకుని ఎక్స్‌టెన్షన్ మాత్రం మార్చుకుంటుంది. కాబట్టి ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో, వేర్వేరు ఎక్స్‌టెన్షన్లతో రెండు డేటా ఫైళ్లుంటే రెంటికీ ఒకే డెల్టా పేరు వస్తుంది. మా ఇన్‌వాయిస్ హెడర్, డీటెయిల్ ఫైళ్లు సరిగ్గా అలాగే ఉన్నాయి! ప్రోగ్రామ్ రాసినవాళ్లు పెట్టిన పేర్లు, మనం మార్చలేం. ఆ రెండింటి కోసం రాత్రి అందరూ వెళ్లాక సర్వీస్ ఆపి కాపీ తీసే ఏర్పాటు చేశాను.

బ్యాకప్‌ని వేరే కంప్యూటర్లో తెరిచి, బ్యూటిల్ స్టాట్‌తో రికార్డుల సంఖ్య, రికార్డు పొడవు, కీలు, ఫైలు వెర్షన్ సరిచూస్తాను. ఇది చేయని బ్యాకప్‌ని నేను నమ్మను.

రిపోర్టుల విషయంలో మాత్రం విసుగొచ్చింది. బీట్రీవ్‌కి కీలు తెలుసు, మిగతా రికార్డంతా దానికి ఉత్త బైట్లు. ఏ బైటు నుంచి కస్టమర్ పేరు, ఏ బైటు నుంచి మొత్తం అనేది ప్రోగ్రామ్‌కే తెలుసు. ఎస్‌క్యూఎల్ (డేటాని ప్రశ్నలడిగి తీసుకునే భాష) కావాలంటే ఫైల్, ఫీల్డ్, ఇండెక్స్ అనే మూడు డీడీఎఫ్ ఫైళ్లు ఉండాలి, రికార్డులో ఏది ఎక్కడుందో చెప్పేవి అవే. అవి ప్రోగ్రామ్ ఇచ్చినవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకోవడమే మేలు. మన అంచనాతో రాసుకుంటే ఒక్క ఫీల్డు పొడవు తప్పినా ఆ తర్వాతి కాలమ్‌లన్నీ జరిగిపోతాయి.

రోజువారీ పని పెద్దగా లేదు. ఎవరైనా ‘84 వస్తోంది’ అని ఫోన్ చేస్తే ఇంజిన్‌తో వచ్చే మానిటర్ అనే టూల్ తెరిచి, ఏ యూజరు ఏ ఫైలు పట్టుకున్నారో చూసి, బిల్లు సగంలో వదిలి టీకి వెళ్లినవాళ్లని పిలుస్తాను. ఇక రికార్డులు తీసేసినా బీట్రీవ్ ఫైలు చిన్నదవదు, ఖాళీ అయిన చోటు కొత్త రికార్డులకి వాడుకుంటుంది. నిజంగా తగ్గాలంటే రీబిల్డ్ చేయాలి, అంటే ఫైలును మొదటి నుంచి కొత్తగా రాయించాలి. అప్పుడే ఫైలు ఫార్మాట్‌ని కొత్త వెర్షన్‌కి ఎక్కించొచ్చు, కానీ ఎక్కించాక పాత ఇంజిన్ దాన్ని తెరవలేదు. అందుకే పాత సర్వర్‌కి తిరిగి వెళ్లే అవసరం రాదని తేలేదాకా ఫార్మాట్ ముట్టుకోలేదు. చిన్న ఫైళ్లు అయిపోయాయి. లెడ్జరు మాత్రం ఏడాది లెక్కలు మూసేదాకా ఆగమని అకౌంట్స్ వాళ్లు అన్నారు. అదీ సబబే, ఆపాను.