బేబీ ఆఫ్ మేరీ

మా వార్డులో "పాప చల్లబడింది" అని ఎవరూ పైకి అనరు. "టెంపరేచర్ తగ్గింది" అంటాం. వరండాలో చాప వేసుకుని కూర్చున్న అమ్మమ్మల చెవిన ఆ మాట పడిందంటే ఇక ఏడుపులే. ఒళ్లు చల్లబడటమంటే మనకు ఒకటే అర్థం కదా. ఇరవై రెండేళ్ల నా నర్సు ఉద్యోగంలో సగం పైగా పసిపిల్లల వార్డులోనే గడిచింది.

మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లిష్ పుస్తకాల్లోంచి 'ఫ్రాంకెన్‌స్టైన్' తీసుకుని నైట్ డ్యూటీలో చదివాను. మెడకు బోల్టులున్న సినిమా భూతం కోసం చూశాను గానీ, అందులో అలాంటిదేం లేదు. తర్వాత ఆ నవల రాసిన మేరీ షెల్లీ జీవితం కూడా వెతుక్కుని చదివాను.

ఆమె 1797 ఆగస్టు 30న పుట్టింది. తల్లికి మాయ పడలేదు. డాక్టరొచ్చి చేత్తో ముక్కలుగా తీశాడు. చేతులు శుభ్రంగా కడుక్కోవాలని డాక్టర్లకే తెలియని రోజులవి. పదకొండు రోజులకు బాలింత జ్వరంతో తల్లి పోయింది.

పదిహేడేళ్లకు మేరీ నెలలు నిండకుండానే ఆడపిల్లను కంది. 1815 ఫిబ్రవరి 22న పుట్టిన ఆ పాప మార్చి 6న పోయింది. మార్చి 19న మేరీ డైరీలో ఒక కల రాసుకుంది. పాప చచ్చిపోలేదట, ఊరికే చల్లబడిందట, మంట దగ్గర ఒళ్లు రుద్దితే బతికిందట.

ఇది రోజూ మేం చేసే పనే. పుట్టగానే ఏడవని బిడ్డను పొడి టవల్‌తో తుడిచి, వీపు రుద్ది, వార్మర్ కింద పెడతాం.

మరుసటి ఏడాది జూన్‌లో, జెనీవా సరస్సు దగ్గర ఎడతెగని వానల్లో నవల మొదలైంది. శవాలు, సైన్సు గురించి అందరూ చెబుతారు. నా కళ్లు మాత్రం చలి మీదకే పోయాయి. మొదట్లోనే మంచు సముద్రంలో కొయ్యబారిపోయిన శాస్త్రవేత్త విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్‌ను ఓడలోకి లాగుతారు. బ్రాందీతో ఒళ్లు రుద్ది, దుప్పట్లు చుట్టి, వంటగది పొయ్యి గొట్టం పక్కన పడుకోబెడితే బతుకుతాడు. అచ్చం ఆ కలే! అతను శవాల ముక్కలతో తయారుచేసిన జీవికి ఆ భాగ్యం లేదు. అది కళ్లు తెరవగానే విక్టర్ పారిపోయాడు. అడవిలో చలికి కూర్చుని ఏడుస్తుంది. బిచ్చగాళ్లు వదిలేసిన మంట దొరికితే సంబరంతో నిప్పుల్లోనే చెయ్యి పెడుతుంది.

దానికి పేరూ లేదు. మా దగ్గర బిడ్డ ట్యాగ్ మీద 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు రాస్తాం, బారసాల దాకా అంతే. ఆ జీవినీ లోకమంతా చేసినవాడి పేరుతోనే పిలుస్తోంది. డైరీలో మేరీ పాపకూ పేరు లేదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. నవల రాసేటప్పుడు ఆమె ఒళ్లో ఇంకో బిడ్డ ఉన్నాడు, 1816 జనవరిలో పుట్టిన విలియం. నవలలో ఆ జీవి మొదట చంపే పిల్లాడి పేరూ విలియమే. కన్నతల్లి అలా ఎలా రాసింది? మా అమ్మాయినడిగితే, "దిష్టిచుక్క పెట్టిందేమోనమ్మా" అంది.

1819 జూన్‌లో, రోమ్‌లో, విలియం జ్వరంతో పోయాడు. మూడేళ్లు.