ముసురు రోజుల్లో అత్తయ్యగారి నడక

పర్లాకిమిడి (ఒడిశా), శ్రావణ మాసం, ఆదివారం

మహేంద్రగిరి వైపు నుండి పట్టిన ముసురు ఈ వారమంతా వదలలేదు. వీధిలో నీళ్లు నిలిచాయి, అరుగుల అంచున నాచు పట్టింది, అరవై దాటినవారు గడప దాటడానికి జంకుతున్నారు. షుగరూ బీపీ రెండూ ఉన్న మా అత్తయ్యగారు నడక మానడానికి వీల్లేదు కనుక, వానలు మొదలు కాకముందే మా వారు బరంపురంలో ఒక ట్రెడ్‌మిల్ కొని తెప్పించారు. ఈ రోజు సెలవు కావడంతో ఆవిడ నడిచినంతసేపూ నేను పక్కనే ఉన్నాను. ఈ యంత్రం కొనే ముందు మోటారు ఎన్ని హెచ్‌పీ, గరిష్ఠ వేగం ఎంత అని అందరూ ఆరా తీస్తారు గాని, దాని మీదికి ఎక్కడం ఎలా, దిగడం ఎలా అని అడిగినవారు నాకు ఇంతవరకు కనబడలేదు. నా దృష్టిలో అసలు విషయం అదే. నడుమ నడక దానంతటదే సాగిపోతుంది. జాగ్రత్త అంతా మొదటి నిమిషంలోనూ చివరి నిమిషాల్లోనూ కావాలి.

మాది పొడవుగా, ఇరుకుగా ఉండే పాతకాలపు ఇల్లు. యంత్రాన్ని ఎక్కడ పెట్టాలనే దాని మీద ఇంట్లో చాలా చర్చ జరిగింది. నడిచేవారి ముఖం హాలులోని టీవీ వైపు, వెన్ను గోడ వైపు ఉండేలా పెడదామని అందరూ అన్నారు, నేను ఒప్పుకోలేదు. కాలు తడబడినవారిని బెల్టు వెనక్కే విసురుతుంది. వెనుక గోడ ఉంటే మనిషి గోడకూ తిరుగుతున్న బెల్టుకూ మధ్య చిక్కుకుంటారు, చర్మం ఒరుసుకుపోయి కాలిన గాయాల వంటివి అవుతాయి. అందుచేత వెనుక రెండు మీటర్లు, ఇరుపక్కలా అర మీటరు చొప్పున ఖాళీ ఉండాలన్న నియమాన్ని పట్టుబట్టి పాటించి, దాన్ని వసారా గది నడుమకు జరిపించాను. నేల ఎగుడుదిగుడుగా ఉండడంతో కింది మరలు తిప్పి నాలుగు మూలలూ సమం చేసి, అడుగున రబ్బరు చాప వేశాము. ఎర్తింగ్ సరిగా ఉన్న పదహారు ఆంపియర్ల ప్లగ్గుకు నేరుగా కలిపాము; ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడనివ్వలేదు, ఎందుకంటే మోటారు బరువు లాగేటప్పుడు సన్నని వైరు వేడెక్కుతుంది.

చెప్పుల విషయం ఇంతకంటే కష్టమైంది. పక్కనే పూజగది, అత్తయ్యగారు ఇంట్లో చెప్పులు వేసుకోరు. వట్టికాళ్లతో నడుస్తానన్నారు. షుగరు ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గే అవకాశం ఉంటుంది, బెల్టు ఒరిపిడికి బొబ్బ వచ్చినా వెంటనే తెలియదు, తెలిసేసరికి పుండు అవుతుంది. అందుకని వీధి మొహమే చూడని ఒక కొత్త జత బూట్లు కొని, అవి ట్రెడ్‌మిల్ మీద తప్ప నేల మీద తొడగకూడదని మాట అనుకున్నాము. ఆవిడ దానికి సమ్మతించారు. నడక ముగియగానే కుర్చీలో కూర్చోబెట్టి, వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు వెలుతురులో చూస్తాను. ఈ రోజు కుడి మడమ మీద చిన్న ఎర్రటి గుర్తు కనబడితే మేజోడు ముడత సరిచేశాను.

చీర సంగతి కూడా రాయాలి. ఆవిడ చీర వదలరు, వదలమని నేను అడగను. కుచ్చిళ్లు చీలమండకు పైన ఉండేలా ఎత్తి కట్టుకుంటారు, పైట కొంగు వెనక్కి వేలాడకుండా నడుం చుట్టూ తిప్పి గట్టిగా దోపుకుంటారు. ఊడితే బెల్టును ఆపేసే ఎర్రటి సేఫ్టీ కీకి తాడు, తాడు చివర క్లిప్పు ఉంటాయి. ఆ క్లిప్పు కొంగుకు పెడితే ప్రయోజనం లేదు, కొంగు జారితే క్లిప్పూ జారుతుంది. నడుం దగ్గర దోపిన బిగువైన మడతకు పెట్టి, చేత్తో లాగి చూసుకోవాలి. మనిషి రెండడుగులు వెనక్కి జారగానే కీ ఊడి బెల్టు ఆగేంత పొట్టిగా తాడు ఉండాలి. మా యంత్రానికి తాడు పొడుగైతే నేనే ముడి వేసి తగ్గించాను. ముడి వేశాక మామయ్యగారిని పక్కన నిలబెట్టి, మనిషి ఎక్కకుండానే బెల్టు తిప్పి, కీ లాగి, అది ఎంతసేపట్లో ఆగుతుందో అత్తయ్యగారికి చూపించాను. చూసిన తరువాతే ఆవిడకు ధైర్యం వచ్చింది.

ఎక్కే పద్ధతి మాకు ఒకటే. బెల్టు మీద కాళ్లు పెట్టకుండా, ఇరుపక్కల ఉన్న కదలని పట్టీల మీద చెరొక పాదం ఉంచి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకోవాలి. అప్పుడు స్టార్టు నొక్కి, బెల్టు అతి తక్కువ వేగంతో కదలడం కళ్లతో చూసి, ఒక కాలు దాని మీద పెట్టి చూసుకుని, తరువాత రెండోది పెట్టాలి. బెల్టు మీద నిలబడి స్టార్టు నొక్కేవారిని నేను చాలామందిని చూశాను. కొన్ని యంత్రాలు మెల్లగా మొదలవుతాయి గాని ముందటి వేగం వద్దే మొదలయ్యేవీ ఉన్నాయి. తొలి అయిదు నిమిషాలు గంటకు రెండు కిలోమీటర్ల లోపు వేగంతోనే నడక. చూపు పాదాల మీద కాకుండా ఎదుట ఉండాలి, అడుగులు పొట్టిగా, బెల్టుకు నడుమ, కాస్త ముందుకు ఉండాలి. ఫోను చేతిలో ఉండకూడదు.

తరువాత వేగం మెల్లగా పెంచుతూ గంటకు మూడు కిలోమీటర్ల దగ్గర ఆపాను. ఇక్కడ చేతుల విషయం వస్తుంది. హ్యాండిల్ మీద బరువు మోపి నడిస్తే కాళ్లకు పని తగ్గిపోతుంది, మీటరు మాత్రం కాలరీలను మామూలుగానే లెక్కపెట్టుకుపోతుంది. దానికి మన చేతుల సంగతి తెలియదు. పట్టు వదలలేనంత వేగం అంటే ఆ వేగం ఎక్కువని అర్థం. అప్పుడు వేగాన్ని తగ్గించాలి గాని పట్టు బిగించకూడదు. అత్తయ్యగారు ఈ రోజు ముందు అరచేతులు వదిలి వేలికొనలు మాత్రం ఆనించారు, కాసేపటికి ఎడమ చేయి పూర్తిగా వదిలి ఊపడం మొదలుపెట్టారు. నాకు కలిగిన సంతోషం ఆవిడకు చెప్పలేదు, చెబితే రెండో చేయి కూడా తొందరపడి వదులుతారు.

ఎంత వేగంగా నడవాలన్నది మీటరును బట్టి తేల్చుకునేది కాదు. రెండు వందల ఇరవై నుండి వయసు తీసివేసి, అందులో సగం నుండి డెబ్బై శాతం మధ్య గుండె వేగం ఉంటే మధ్యస్థ శ్రమ అని లెక్క చెబుతారు. అరవై ఆరేళ్ల ఆవిడకు అది నిమిషానికి సుమారు డెబ్బై ఏడు నుండి నూట ఎనిమిది. కాని ఆవిడ బీపీకి వాడే మాత్ర గుండె వేగాన్నే అణచి ఉంచే రకం, కాబట్టి ఆ అంకెలు ఆవిడకు వర్తించవు. డాక్టరు చెప్పిన మార్గం సులువైనది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఆవిడ రోజూ చదువుకొనే స్తోత్రాన్ని నడుస్తూ చెబుతారు. స్తోత్రంలో ఒక పాదం ఊపిరి తెగకుండా పూర్తయితే సరే. నడుమ ఆగి గాలి పీల్చుకుంటే నేను వేగం తగ్గిస్తాను. అదే మంగళహారతి పాటను రాగం తీసి హాయిగా పాడగలుగుతుంటే కొంచెం పెంచుతాను. ఏ మీటరు కంటే కూడా నేను దీన్నే ఎక్కువగా నమ్ముతాను.

వేగం ఒక్కటే శ్రమ కాదని మాకు బరంపురంలో టీఎంటీ పరీక్ష (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండె పనితీరు చూసే పరీక్ష) రోజునే అర్థమైంది. రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా వైద్యుడి పేరుతో ఉన్న ఆ పద్ధతిలో మూడు నిమిషాలకొకసారి వేగమూ వాలూ రెండూ పెంచుతారు. మొదటి మెట్టులో వేగం గంటకు 2.7 కిలోమీటర్లే, వాలు మాత్రం పది శాతం. రెండో మెట్టులో వేగం నాలుగు, వాలు పన్నెండు. ‘మహేంద్రగిరి ఎక్కించినట్టు ఎక్కించారమ్మా’ అని ఆవిడ ఇప్పటికీ అంటారు. ఆ పరీక్ష నివేదిక చూసిన తరువాతే డాక్టరు ఇంట్లో నడవమన్నారు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఆగిపోవాలని, ఆగినా తగ్గకపోతే ఆసుపత్రికి రావాలని ఆయన చెప్పిన మాటను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి యంత్రం ఎదుటి గోడకు అంటించాను. వాలు ప్రస్తుతానికి సున్నా వద్దే ఉంచాము.

ఖాళీ కడుపుతో నడవనివ్వను. ఆవిడ వాడే షుగరు మాత్ర చక్కెరను బాగా కిందికి దించగలదు. షుగరు చూసే మీటరులో వంద కంటే తక్కువ చూపితే ముందు చోడి (రాగి) అంబలి అరగ్లాసు తాగాకే నడక. గ్లూకోజు పొట్లం చేతికందే బల్ల మీద ఉంటుంది. వణుకు, చల్లటి చెమట కనబడితే మాటలతో కాలయాపన చేయకుండా అది నోట్లో వేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి కనీసం నూట యాభై నిమిషాల మధ్యస్థ శ్రమ అని చెప్పింది, అది ఒక్కసారే చేయాలని లేదు. భోజనం తరువాత పది, పదిహేను నిమిషాలు నడిస్తే అన్నం తిన్నాక పెరిగే చక్కెర తగ్గుతుంది కనుక మేము మూడు పూటలకూ పంచుకున్నాము. మధ్యాహ్నం ఎండలోనో వానలోనో వీధిలో ఎవరూ నడవలేరు, ఇంట్లో యంత్రం ఉన్నందుకు నిజమైన లాభం నాకు అక్కడే కనబడుతున్నది.

అయితే ట్రెడ్‌మిల్ ఒక్కటే చాలదు. అది ఎప్పుడూ సమతలం, ఎప్పుడూ ఒకే దిశ. మలుపు తిరగడం, ఎత్తుపల్లాల మీద నిలదొక్కుకోవడం అది నేర్పదు. అరవై అయిదు దాటినవారు పడిపోకుండా ఉండాలంటే తూకం నిలిపే అభ్యాసమూ కండబలమూ కావాలి. అందుకని కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నడవడం కూడా చేయిస్తున్నాను.

ఈ ఉదయం నడక సగంలో ఉండగా మేము మావుసీ (పిన్ని) అని పిలిచే పక్కింటావిడ గొడుగు ముడుచుకుంటూ వచ్చి, ఒడియాలో, తన మోకాళ్ల నొప్పికి ఇది పనిచేస్తుందా అని అడిగారు. అత్తయ్యగారు నడుస్తూనే తెలుగులో జవాబు చెప్పబోయి వెనక్కి తిరిగారు. నేను వెంటనే ‘అత్తయ్యా, ముందుకే చూడండి’ అని, మావుసీని యంత్రానికి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. తల తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అడుగు పక్కకు పడుతుంది. వాపు ఉన్న మోకాలితో ఎక్కవద్దని, ముందు డాక్టరుకు చూపించమని మావుసీకి చెప్పాను.

ఆ మాటల్లో ఉండగానే ఉరుము ఉరిమింది, కరెంటు పోయింది. మా వైపు ఇది కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను కుదిపినప్పటి చీకటి మాకందరికీ గుర్తే. కరెంటు పోతే బెల్టు చటుక్కున ఆగుతుంది, మనిషి మాత్రం ముందుకు తూలుతుంది. ఆవిడ రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, నేర్పినట్టే పక్క పట్టీల మీదికి కాళ్లు జరిపారు. నేను గోడ స్విచ్చి కట్టి, ప్లగ్గు తీశాను. ఉరుముల్లో ప్లగ్గు తీసి ఉంచడం మోటారు బోర్డుకూ మంచిదే.

కరెంటు వచ్చాక మిగిలింది చల్లారే నడక. వేగాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ, చివరి నాలుగైదు నిమిషాలు కాళ్లు ఈడ్చినంత మెల్లగా నడిపించాను. నడక హఠాత్తుగా ఆపితే కాళ్లలో చేరిన రక్తం త్వరగా పైకి రాదు, బీపీ మాత్రలు వాడేవారికి కళ్లు తిరుగుతాయి. బెల్టు పూర్తిగా ఆగిన తరువాత, ఇంకా హ్యాండిల్ పట్టుకునే ఒక నిమిషం నిలబడాలి. అప్పుడు నేల కదులుతున్నట్టు అనిపిస్తుంది. ‘ఇల్లు ముందుకెళ్తున్నట్టుందేటమ్మా’ అన్నారు ఆవిడ. అది తగ్గాక వెనుక నుండి కాకుండా పక్క నుండి, గోడవైపు చేయి ఆనించి దిగారు.

మధ్యాహ్నం బెల్టు పని చూశాను. మా ఊళ్లో దీని మెకానిక్కు లేడు, బరంపురం నుండి రావాలి. ఒకరిని పిలిస్తే వస్తానని చెప్పి రాలేదు. ప్లగ్గు తీసి, బెల్టు అంచును చేత్తో ఎత్తి కింద వేళ్లు పెట్టి తడిమితే పొడిగా, గరుకుగా తగిలింది. యంత్రంతో వచ్చిన సిలికాన్ ఆయిల్‌ను బెల్టు కింది పలక మీద, నడుమ భాగంలో సన్నటి గీతగా వేసి, కాసేపు ఖాళీగా నెమ్మదిగా తిప్పాను. కొబ్బరి నూనె గాని వంటనూనె గాని వేయకూడదు, అది జిగురై దుమ్మును పట్టుకుంటుంది. బెల్టు ఎడమకు జరిగి ఉంటే వెనుక ఎడమ మరను పావు వంతు మాత్రమే గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పి, కొంచెంసేపు తిరగనిచ్చి మళ్లీ చూడాలి.

ఇక మా ఇంట్లోని చిన్నపిల్ల. దానికి ఆరేళ్లు, కదిలే ప్రతిదీ దానికి ఆటే. 2021లో అమెరికాలో ఒక ప్రసిద్ధ కంపెనీ ట్రెడ్‌మిల్ కింద చిక్కుకుని ఒక పిల్లవాడు చనిపోయాడు, ఆ సంవత్సరం మే నెలలో ఆ కంపెనీ ఆ మోడల్ యంత్రాలను వెనక్కి తీసుకుంది. ఆ వార్త చదివినప్పటి నుండి నాకు భయం పోలేదు. వెనుక రోలరు దగ్గర బెల్టు లోపలికి వెళ్లే చోట చిన్న వేళ్లు చిక్కితే ఎంత త్వరగా ఆపినా చాలదు. కాబట్టి ఎవరూ నడవని వేళ ప్లగ్గు తీసి ఉంటుంది, కీ యంత్రానికి ఉండదు. దేవుడి గది పైన గూట్లో, దాని చేయి అందని చోట ఉంటుంది. నడిచేటప్పుడు వసారా గది తలుపు వేస్తాము.

రేపటి నుండి నాకు బడి ఉంది, ఉదయం పూట పక్కన ఉండేది మామయ్యగారు. కీ ఉన్న చోటు, ఆపే ఎర్ర బటన్, గ్లూకోజు పొట్లం, గోడ మీది కాగితం ఆయనకు చూపించాను. ఆయన అన్నీ ఒకసారి తిరిగి చెప్పి, క్లిప్పు కొంగుకు కాదు, నడుం మడతకే కదా అని అడిగారు. అవునండి, అక్కడికే అన్నాను.