నైరుతిలో లాంగ్స్ పీక్

సెప్టెంబరు, ఆఖరి శనివారం

ఇవాళ కొలరాడో కొండల్లోని ఎస్టెస్ పార్కు అనే ఊళ్ళో మేం కొనాలనుకుంటున్న ఇంటి ఇన్‌స్పెక్షన్. మా ఆఫర్ ఒప్పుకున్నారు గానీ, ఇన్‌స్పెక్షన్‌లో ఏదైనా బయటపడితే వెనక్కి తగ్గడానికి ఇంకా గడువుంది. ఆ గడువు నాకోసమే. ఈయనకి దాంతో పనిలేదు, మనసులో ఎప్పుడో సామాను సర్దేశారు. ఆఫీసు వాళ్ళతో గోల్ఫు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ కొండల్లో ఇల్లు, ఆ ఇంటి వెనకాలే గోల్ఫు కోర్సు అని ఒకటే పాట.

అమ్మని కూడా తీసుకెళ్ళాం. తెనాలి నుంచి వచ్చి ఇప్పుడిప్పుడే డెన్వరు ఎత్తుకి అలవాటు పడుతోంది. ఎస్టెస్ పార్కు ఇంకా పైన, 7,522 అడుగులు. కారు దిగి డ్రైవ్‌వే ఎక్కేసరికే ఆయాసం వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. కాసేపు నీళ్ళు తాగి తేరుకుని, మొదట అడిగింది తూర్పు ఎటు అని.

ఈయన ఫోనులో దిక్సూచి తెరిచి పక్కనే నిలబడ్డారు. నైరుతిలో లాంగ్స్ పీక్, 14,259 అడుగుల కొండ. ఈశాన్యం వైపు లేక్ ఎస్టెస్. "బరువు నైరుతిలో, నీళ్ళు ఈశాన్యంలో. ఇంకేం కావాలి అత్తయ్యగారూ?" అన్నారు, ఆ కొండని తనే తెచ్చి అక్కడ పెట్టినట్టు. అమ్మకి నచ్చింది. వంటిల్లు మాత్రం వాయవ్యంలో ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాంలే అంది. అల్లుడంటే అంత మెత్తన.

వెనక డెక్ మీదికి వెళ్ళి కోర్సు చూసి ఆశ్చర్యపోయింది. "ఇంత నేలా! ఏం పండిస్తారే?"

"గడ్డమ్మా."

"పశువులకా?"

కాదు ఆటకి అని చెప్పబోతుంటే, ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ పోయే పచ్చిక దారి) మధ్యలో ఎల్క్ అనే పెద్ద జింకల మంద నింపాదిగా మేస్తూ కనపడింది. ఇది వాటికి జత కట్టే కాలం. కొమ్ముల మగది ఒకటి ఆడవాటి చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. అంత పెద్ద ఒంట్లోంచి అంత సన్నటి ఈల ఎలా వస్తుందో! ఆడుతున్న నలుగురూ క్లబ్బులు కింద పెట్టి, అవి కదిలేదాకా దూరంగా నిలబడ్డారు. పక్కనున్న నేషనల్ పార్కులో అయితే ఎల్క్‌కి 75 అడుగుల దూరం పాటించాలని నిబంధన. ఊళ్ళో ఆ దూరం పాటించాల్సిన బాధ్యత మనుషులదే, ఎల్క్‌లకి పట్టదు. పెరట్లో యాస్పెన్ చెట్ల బెరడు నా నడుమెత్తు దాకా నల్లగా గీరుకుపోయి ఉంది, అవి చలికాలంలో కొరికినందువల్లేనట. ఇక్కడ కరివేపాకు మొక్క బయట పెట్టే ఆలోచన నాకు అప్పుడే పోయింది.

ఇన్‌స్పెక్టరు మాటలు తక్కువ మనిషి. కోర్సు వైపు గోడకి బయట బిగించిన పలకల (సైడింగ్) మీద గుండ్రటి సొట్టలు చూపించాడు. పొదల్లోంచి బంతులు ఏరి రెయిలింగ్ మీద వరసగా పెట్టాడు. ఏమీ అనలేదు. ఏజెంటే విడమర్చి చెప్పింది. ఎక్కువమంది కుడిచేతి వాటం వాళ్ళు, గురి తప్పిన బంతి కుడివైపుకి వంగుతుంది, మా ఇల్లు మొదటి దెబ్బ కొట్టే చోటు (టీ) నుంచి చూస్తే ఫెయిర్‌వేకి కుడివైపే. పైగా గాలి పల్చన. డెన్వరులోనే బంతి సముద్రమట్టం దగ్గర కంటే సుమారు 10 శాతం ఎక్కువ దూరం పోతుందంటారు, ఇక్కడ ఇంకాస్త. అద్దం పగిలి, కొట్టినవాడెవడో తెలియకపోతే ఖర్చు మనదే. "నేనైతే అలా కొట్టను" అన్నారీయన. ఆయన ఆట చూసినదాన్ని కాబట్టి నేనేం మాట్లాడలేదు.

రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పరీక్షకి కింద గదిలో చిన్న పెట్టె పెట్టి వెళ్ళారు, 48 గంటలుంచాలి. ఇక్కడంతా గ్రానైటు. అందులోని యురేనియం తరిగే క్రమంలో పుట్టే ఆ వాయువు పునాది పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత) దాటితే పునాది కింద గొట్టం వేసి, ఫ్యాన్‌తో పైకప్పు మీంచి బయటికి తోలాలి. అది అమ్మేవాళ్ళనే పెట్టించమని అడగొచ్చు. నాకు దాని దిగులు లేదు.

నా దిగులు ఇన్సూరెన్సు. కోర్సు పచ్చిక తడిగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి కార్చిచ్చుకి అడ్డమే అంది ఏజెంటు. కొంతవరకు నిజమే. కానీ 2020 అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్‌సమ్ మంట నిప్పురవ్వలు కాంటినెంటల్ డివైడ్ (నదుల్ని తూర్పు పడమరలుగా విడదీసే కొండల వెన్ను) మీద చెట్టూ చేమా లేని రాతినేలని మైలుకి పైగా దాటి ఇటు పడ్డాయి. ఊరు మొత్తం ఖాళీ చేయించారు. ఇంకోవైపు ఉత్తరాన కామెరాన్ పీక్ మంట, రెండు లక్షల ఎకరాలు దాటింది. ఆ రోజు బూడిద రంగు ఆకాశం కింద కార్ల బారులు టీవీలో చూసింది ఈయనా నేనూ కలిసే. ఒక కంపెనీ ఇన్సూరెన్సు ఇవ్వనంది. ఇంకొకరు ఇస్తామంటూ చెప్పిన ప్రీమియం, ఇప్పుడు మేం ఉంటున్న, డెన్వరు పక్కనే ఉన్న అరోరాలో కట్టేదానికి మూడింతలు. ఇంటి గోడకి అయిదడుగుల లోపు మండేది ఏదీ ఉండకూడదన్నారు. అంటే అమ్మ ముచ్చటపడ్డ ఆ జూనిపరు పొదలు కూడా పోవాలి.

ఈ ఇంటికి అదనంగా అడుగుతున్న డబ్బంతా వెనకున్న పచ్చదనానికి. ఆ పచ్చదనంలో అడుగు నేల కూడా మన పేరున రాదు. అది స్థానిక రిక్రియేషన్ డిస్ట్రిక్టుది, ఆడాలంటే మనమూ అందరిలాగే డబ్బు కట్టాలి. ఈ మాట కారులో అంటే ఈయన, "నీళ్ళు పెట్టేదీ గడ్డి కోసేదీ వాళ్ళే కదా" అన్నారు. ఆ జవాబు నాకూ నచ్చింది, ఒప్పుకోలేదంతే.

ఇంకో కంపెనీకి ఇప్పుడే మెయిలు రాశాను. సోమవారం జవాబు వస్తుంది. అరోరాలో కట్టేదానికి రెండింతల లోపైతే సంతకం, దాటితే లేదు. ఈయన సరే అన్నారు, కాస్త ఆలస్యంగా. అమ్మకి ఆ లెక్కలు పట్టలేదు. అంత ఎత్తున నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయని చెప్పినప్పట్నుంచీ కందిపప్పు గురించే ఆలోచిస్తోంది. ఇల్లు కుదిరినా కుదరకపోయినా కుక్కరుకి కొత్త గాస్కెట్ కొనమంది.