మూడో వేసవిలో తెరుచుకున్న ఒకే ఒక్క గూడు

నిన్న రాత్రి పదకొండు దాటాక నాలుగో రాణి చీమను ఉంచిన గాజు ట్యూబులో ఒక గూడు (లార్వా తన చుట్టూ అల్లుకుని లోపల ప్యూపాగా మారే పట్టు సంచి) చిరిగింది. ట్యూబుకు చుట్టిన ఎర్ర కాగితం జరిపి చూసేసరికి రాణి దవడలతో గూడు కొసను కొరుకుతోంది, ఆ చిరుగులోంచి లేత గోధుమ రంగు మీసం ఒకటి కదులుతోంది. ఇరవై నిమిషాల్లో చీమ పూర్తిగా బయటపడింది. రాణి దాన్ని తలనుంచి కాళ్లదాకా నాకి శుభ్రం చేసింది. నా ఊపిరి వేడి గాజుకు తగలకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒంటిగంట వరకు అక్కడే కూర్చున్నాను.

సంతోషం సంతోషమే, లెక్క లెక్కే. మూడేళ్లలో నా రాణులు కట్టించిన గూళ్లు 41. అందులో తెరుచుకున్నది ఇదొక్కటి. ఇంకో అయిదు ఇప్పటికి బాగానే కనిపిస్తున్నాయి. మిగతా 35 చచ్చిపోయాయి. ఈసారి రాసేదంతా ఆ 35 గురించే.

చీమ కాంపొనోటస్ సెరిసియస్. నల్లటి ఒళ్లు, పొట్ట మీద ఎండ పడితే మెరిసే పసుపు బంగారు నూగు. 1798లో కీటక శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ పెట్టిన పేరులోని సెరిసియస్ అంటే పట్టువంటిదని అర్థం. ఈ ప్రజాతిని వడ్రంగి చీమలు అంటారు గాని ఇది కర్ర జోలికి పోదు, అనంతపురం ఎర్రనేలలో గట్టి మట్టిని తవ్వి కాపురం పెడుతుంది. ఎండలో తిరుగుతుంది. ఆఫ్రికా నుంచి మన దేశం దాకా ఉంది. ఒక చీమ ఇంకో చీమను వెంటబెట్టుకుని మేత దగ్గరికి తీసుకుపోయే జంట నడకను చీమల శాస్త్రజ్ఞుడు హోల్‌డాబ్లర్, ఆయన సహచరులు 1974లో ఈ చీమలోనే వివరంగా చూపించారు. అంత ముచ్చటైన చీమను వదిలి పెంపకందారులందరూ గండు చీమల వెంటే పడటం నాకు బాధగా ఉంటుంది. గండు చీమ ఎవరి దగ్గరైనా బతుకుతుంది. నా దగ్గరున్న గండు చీమల కుటుంబం అరవై దాటింది, దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

మొదటి ఏడాది మూడు రాణులు, తొమ్మిది గూళ్లు. గుడ్లు పెట్టాయి, లార్వాలు పెరిగాయి, గూళ్లు అల్లుకున్నాయి, అక్కడితో ఆగిపోయాయి. మూడు వారాలకు గూళ్లు ఒక వైపునుంచి నల్లబడ్డాయి, రాణులు వాటిని తీసుకెళ్లి ట్యూబు మూత దగ్గర పడేశాయి. అనంతపురం కదా, గాలిలో తేమ లేక ఎండిపోయాయని తేల్చేసుకున్నాను. ఆ తొందరపాటు వల్ల ఒక ఏడాది పోయింది.

రెండో ఏడాది తేమ మీదే పడ్డాను. బంగారం తూచే చిన్న కాటా కొని ప్రతి ట్యూబునూ రోజూ సాయంత్రం ఆరింటికి తూచాను. అడుగున దూదితో ఆపిన నీళ్లున్న 16 మిల్లీమీటర్ల ట్యూబు మే నెలలో రోజుకు 0.31 గ్రాముల నీరు కోల్పోయింది. దూదిని ఇంకాస్త బిగించి, మూత వైపు ప్లాస్టిక్ పొర కట్టి రెండే సూది బెజ్జాలు పెడితే నష్టం 0.09కు తగ్గింది. గాజు లోపల సన్నటి ఆవిరి కూడా పట్టింది. నాలుగు రాణులు, పద్నాలుగు గూళ్లు. ఒక్కటీ తెరుచుకోలేదు. చచ్చినవాటిని ఈసారి సూదితో విప్పి భూతద్దం కింద చూశాను. ఎండి ముడుచుకుపోయినది ఒక్కటీ లేదు. కళ్లు నల్లబడ్డాయి, కాళ్లు, మీసాలు చక్కగా ఏర్పడ్డాయి. కానీ ఒళ్లు మాత్రం పాలలా తెల్లగా, సూది తగిలితే చిరిగిపోయేంత మెత్తగా ఉంది. చర్మం గట్టిపడి రంగు తేలాల్సిన దశలో ఆగిపోయాయన్నమాట. నీటి కొరత వల్ల చచ్చిన ప్యూపా ఇలా ఉండదు.

ఈ ఏడాది మార్చి 22న అనుకోకుండా వాన పడింది. మర్నాడు పొద్దున కాలనీ రోడ్డు మీద రెక్కలు రాల్చుకున్న రాణులు మూడు దొరికాయి. ఏప్రిల్ 16 జల్లుకు ఇంకో రెండు. మొదటి మూడింటినీ ఎప్పటిలాగే మిద్దె గదిలో అర మీద పెట్టాను. అప్పుడు అమ్మ అన్న మాట నన్ను ఆపింది. "చేను దున్నేటప్పుడు చూడలేదా నాయనా, ఎంత ఎండలోనైనా మూరెడు లోతున మన్ను చల్లగానే ఉంటుంది. చీమలు ఉండేది ఆడ కదా" అంది. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి పెరట్లో వేప చెట్టు అవతల కొలిచాను. నేల పైన 57 డిగ్రీలు, 40 సెంటీమీటర్ల లోతున 32. నా అర మీద పగటి గరిష్ఠం 38.4, రాత్రి కనిష్ఠం 32. రోజుకు తొమ్మిది గంటలపాటు 36కు పైనే ఉంటోంది. ఇన్నాళ్లూ నేను తేమ గురించే ఆలోచించాను గాని, వేడిని పిల్లల కోణంలో ఒక్కసారీ చూడలేదు.

వేడి వల్ల ప్యూపా ఎందుకు చస్తుందనేదానికి నా ఊహ ఇది. కాంపొనోటస్ చీమల పేగు గోడ కణాల్లో బ్లాక్‌మానియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. 19వ శతాబ్దంలో దాన్ని మొదట చూసిన జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు బ్లాక్‌మాన్ పేరే పెట్టారు. తల్లి గుడ్డు ద్వారానే పిల్లకు చేరుతుంది. చీమ తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలను అది తయారు చేసి ఇస్తుంది. ప్యూపా దశలో దాని సంఖ్య బాగా పెరుగుతుంది. చర్మం గట్టిపడి నల్లబడటానికి కావలసిన టైరోసిన్ కూడా అది చేయగలిగిన వాటిలో ఒకటి. అమెరికాలోని ఒక కాంపొనోటస్ జాతిని నాలుగు వారాలు దాదాపు 38 డిగ్రీల దగ్గర ఉంచితే ఈ బ్యాక్టీరియా దాదాపు మొత్తం నశించిపోయింది. నా అర మీద పగటి గరిష్ఠం దాదాపు అంతే. రంగు తేలని, గట్టిపడని నా ప్యూపాలు ఆ లోటుతోనే చచ్చాయని గట్టిగా అనిపిస్తోంది. గండు చీమల్లోనూ ఇదే బ్యాక్టీరియా ఉంది, మరి అవి అదే అర మీద ఎలా బతికాయని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఆ రాణిని పట్టింది ఆగస్టులో. దాని మొదటి పిల్లలు అర మీద వేసవి చూడనే లేదు.

ఇక చల్లదనం. ఫ్రిజ్‌లు, చల్లబరిచే పెట్టెలు నాకు నచ్చవు, కరెంటు పోతే అంతా పోతుంది. ఏప్రిల్ 15న పాతూరులో రెండు మట్టి కుండలు కొన్నాను. పెద్ద కుండ అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక, దాని మీద చిన్న కుండ, రెండింటి మధ్య మూడు సెంటీమీటర్ల సందు నిండా తడి ఇసుక. పైన తడి గోనె. పొద్దున లీటరు, సాయంత్రం లీటరు నీళ్లు. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లబడుతుంది గనుక మే నెలలో మన ఊరు దీనికి సరిగ్గా సరిపోయింది. నీళ్లు పోసినన్నాళ్లూ లోపల 28.5 నుంచి 30 మధ్యే నిలిచింది. మట్టి కుండే కొనండి, లోపల రంగు పూసినవి, నునుపు పెట్టినవి చెమ్మను బయటికి పోనివ్వవు.

మొదటి రెండు రాణులను పోలిక కోసం అర మీదే ఉంచాను. ఏడు గూళ్లు కట్టాయి, ఏడూ పాత కథే. మూడో రాణిని కుండలోకి మార్చేనాటికే దాని లార్వాలు అర మీద పెరిగి ఉన్నాయి. మూడు గూళ్లు, మూడూ పోయాయి. నాలుగో రాణి, అయిదో రాణి పట్టిన రోజే కుండలోకి వెళ్లాయి. ఇద్దరికీ కలిపి ఎనిమిది గూళ్లు. అయిదో రాణివి రెండు పోయాయి, దానికి కారణం నేనే. తాడిపత్రిలో పెళ్లికి వెళ్లి మూడు రోజులు ఇంట్లో లేను. నీళ్లు పోసేవారు లేక ఇసుక ఎండిపోయింది. వచ్చి చూస్తే ఉష్ణమాపకం గుర్తుపెట్టుకున్న గరిష్ఠం 37.2. ఆ మూడు రోజుల్లో గూటిలో ఉన్నవి రెండే, ఆ రెండే నల్లబడ్డాయి. అదే రాణి తర్వాత కట్టించినవి ఇప్పటికీ లేత పసుపు రంగులో ఉన్నాయి. నష్టమే అయినా, ఇంతవరకు దొరికిన ఆధారాల్లో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది ఇదే.

నాలుగో రాణి గుడ్లు ఏప్రిల్ 21న, మొదటి గూడు మే 24న, చీమ నిన్న, జూన్ 11న. గూటిలో ఉన్నది 18 రోజులు.

అయితే అర ఉన్న గోడ అవతలే వంటింటి మిక్సీ ఉంది. కుండలోనేమో చీకటి, కదలిక లేదు. చచ్చినవి వేడికి చచ్చాయా, అదురుకు చచ్చాయా అన్నది నా పద్ధతి విడదీయలేదు. అందుకే వచ్చే ఏడాది మూడో ఏర్పాటు ఒకటి పెడతాను. అంతే మందం కుండ, అంతే చీకటి, అదే మూల, ఇసుక మాత్రం పొడిది. అందులోనూ పిల్లలు చస్తే తప్పు వేడిదే. ఒక్కో ఏర్పాటుకు కనీసం నాలుగు రాణులు కావాలి. వానకు ముందే అన్నీ సిద్ధంగా పెట్టుకోవాలి, ఈసారిలా మధ్యలో ట్యూబులు మార్చకూడదు. రోజూ తూచడం కూడా మానేస్తున్నాను. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ రాణి గూళ్లను నోట కరుచుకుని పరుగెత్తేది, ఆ తూకం నాకిప్పుడు పనికిరాదు.

ట్యూబుల్లో బొరోసిల్ తప్ప వేరేవి ఇక కొనను, అంచు నునుపుగా ఉండి దూది పీచు తగులుకోదు. తేనెకు జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వారిది వాడుతున్నాను, నీళ్లలో సగానికి సగం కలిపి. నల్ల చీమలు ట్యూబులోకి దూరకుండా బేబీ పౌడరు, స్పిరిట్ కలిపి పూయడం నాకు ఖరీదైన పూతల కంటే బాగా పనిచేసింది. ఆషాఢ గాలులు మొదలయ్యాక మాత్రం పౌడరు మూడు రోజులకోసారి మళ్లీ పూయాలి.

కుటుంబం ఇరవైకి చేరితే ట్యూబులోంచి మార్చాలి. ప్లాస్టర్‌తో చేసిన చీమల ఇళ్ల మీద నాకు నమ్మకం లేదు, మన వేసవికి పగులుతాయి. తేలిక సిమెంటు ఇటుక చెక్కడం సులువే గాని ఎంతెంత నీరు తాగుతుందో అదుపు ఉండదు. తాడిపత్రి బండను మూతగా పెట్టి, కాల్చిన మట్టి పలక మీద సొరంగాలు గీయిస్తే ఎలా ఉంటుందని కుండలమ్మిన కుమ్మరి పెద్దాయనను అడిగాను. "పచ్చి మీదే గీసి ఇవ్వు సార్, కాలిస్తే వేలెడు తగ్గుతుంది, అది చూసుకుని పెద్దగా గీయి" అన్నారు. 15 సెంటీమీటర్ల పలక కోసం 17 గీస్తున్నాను. సొరంగం ఎత్తు 8 మిల్లీమీటర్లు సరిపోతుంది. పలక ఒక కొస నీటి గిన్నెలో ఉంటే, మిగతాది తనంతట తనే తడి పీల్చుకుని చల్లగా ఉండాలి. అప్పుడు కుండతో పని ఉండదు. జంట నడకను ఇంట్లో చూడాలంటే కనీసం పది చీమలు బయట తిరగాలి, దానికోసం పలకకు అరమీటరు పొడవు మేత తొట్టి కలుపుతాను.

ఈ పొద్దున చీమ రంగు కొంచెం ముదిరింది, నడుము దగ్గర నలుపు తేలుతోంది. దాని పొట్ట మీద బంగారు నూగు ఇంకా కనిపించడం లేదు. రేపు రాత్రి వరకు ట్యూబు ముట్టుకోను. ఎల్లుండి సూదిమొనంత తేనె చుక్క, ఒక పండు ఈగ కాలు.