సిన్సినాటి చిల్లీ, మా ఇంటి కట్టుబాటు

"అమ్మా, నేను బీఫ్ తినకపోవడం నా నిర్ణయమా, నీ నిర్ణయమా?" అని మా పెద్దాడు అడిగాడు. కోపంగా ఏమీ అడగలేదు. మేముండేది అమెరికాలోని సిన్సినాటిలో. శనివారం సాకర్ మ్యాచ్ అయ్యాక టీమ్ అంతా చిల్లీ పార్లర్‌కి, అంటే బీఫ్ సాస్‌తో చేసే ఇక్కడి వంటకం అమ్మే హోటల్‌కి, వెళ్తారు. వీడు కూడా వెళ్లి, ఫ్రైస్, క్రాకర్లు తిని వస్తాడు. ఆ రోజు పక్కన కూర్చున్న కుర్రాడు "నీకు అలర్జీయా?" అన్నాడట. ఏం చెప్పాలో తోచక అవునన్నాడట. "అబద్ధం చెప్పేశా కదా, నిజమేంటో తెలిస్తే ఈసారి అదే చెప్తాను" అన్నాడు. వాడికి పదమూడేళ్లు. ఇంగ్లీషులోనే అడిగాడు. తెలుగులో అయితే ఇంత సూటిగా అడగడానికి వాడికి మాటలు చాలవు. ఆ సంగతి కూడా అప్పుడే నాకు తట్టింది.

వేరే ఊళ్లలో మ్యాచ్ అయ్యాక పిల్లల్ని పిజ్జాకి తీసుకెళ్తారు. మన పిల్లలు చీజ్ పిజ్జా తిని హాయిగా ఇంటికి వచ్చేస్తారు. ఇక్కడా పిజ్జా ఉంది. లారోసాస్ వాళ్లు 1954లో ఊరి పడమటి వైపు మొదలుపెట్టి ఇప్పుడు ఎటు చూసినా ఉన్నారు. కానీ గెలిచినా, ఓడినా, రాత్రి ఆకలేసినా ఈ ఊరివాళ్ల కాళ్లు చిల్లీ పార్లర్ వైపే నడుస్తాయి. కోలగా ఉండే ప్లేటులో అడుగున స్పగెటీ, దాని మీద పల్చటి మాంసం సాస్, ఆ పైన దారాల్లా సన్నగా తురిమిన చెడ్డార్ చీజ్, కింద ఉన్నదేదీ కనబడనంత గుట్టగా. దీన్ని త్రీ వే అంటారు. ఉల్లిపాయ ముక్కలో, బీన్సో చేరిస్తే ఫోర్ వే, రెండూ చేరిస్తే ఫైవ్ వే. స్పగెటీని ఫోర్కుకి చుట్టుకుని తినరు, ఫోర్కు అంచుతో కోసుకుని తింటారు. చుట్టడం మొదలుపెట్టారంటే బయటి ఊరివాళ్లని ఇట్టే తెలిసిపోతుంది. పక్కన చిన్న గిన్నెలో ఆయిస్టర్ క్రాకర్లు పెడతారు. పేరు చూసి శాకాహారులు కంగారుపడక్కర్లేదు, అవి ఉప్పు బిస్కెట్ల లాంటివే. మావాడు ఇన్నాళ్లూ వాటితోనే కడుపు నింపుకున్నాడు.

ఆ సాస్ బీఫ్‌తోనే చేస్తారు. దాల్చినచెక్క, లవంగం, ఆల్‌స్పైస్ వేస్తారు. తలుపు తీయగానే ఆ వాసన మొహానికి కొడుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు, పండగపూట పులావు వండుతున్న చుట్టాలింట్లోకి అడుగుపెట్టినట్టు అనిపించింది నాకు. పరాయి ఊళ్లో అంత పరిచయమైన వాసన వస్తుందని అనుకోలేదు. ఏం మాంసమో తెలిశాక వెనక్కి తగ్గాను. ఆ వాసనంటే మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఆ మసాలా ఇక్కడిది కాదు మరి. 1922లో మాసిడోనియా నుంచి వచ్చిన కిరాద్జీఫ్ అన్నదమ్ములు డౌన్‌టౌన్‌లో ఎంప్రెస్ అనే థియేటర్ పక్కన చిన్న హోటల్ పెట్టారు. తమ వైపు వండుకునే మాంసం కూరను అమెరికా వాళ్ల హాట్‌డాగ్ మీద, స్పగెటీ మీద వడ్డించారు. 1949లో గ్రీసు నుంచి వచ్చిన నికొలస్ లాంబ్రినిడిస్ ప్రైస్ హిల్‌లో స్కైలైన్ తెరిచాడు. అక్కణ్ణుంచి చూస్తే ఊరి భవనాల వరస కనబడేదట, ఆ పేరు అలా వచ్చింది. 1965లో గోల్డ్ స్టార్ పెట్టిన అన్నదమ్ములు జోర్డాన్ వాళ్లు. 1940 నుంచి నడుస్తున్న క్యాంప్ వాషింగ్టన్ చిల్లీ అనే పార్లర్‌కి 2000లో జేమ్స్ బియర్డ్ అవార్డు కూడా వచ్చింది, అమెరికాలో హోటళ్లకిచ్చే పెద్ద గౌరవం అది. అంటే ఈ ఊరు గర్వంగా చెప్పుకునే తిండి అంతా, మాలాగే పెట్టెలు సర్దుకుని వచ్చినవాళ్లు పెట్టిన తిండే. ఇది నేను మావాడికి చెప్పబోతే, "అదే కదమ్మా, వాళ్లు వచ్చారు, వండారు, అందరూ తిన్నారు. మనం వచ్చాం, మనం మాత్రం ఎవరితో కలిసి తినం" అన్నాడు. ఆ మాట నాలో దిగబడిపోయింది.

వాడి ప్రశ్నకి నేను చెప్పిన మొదటి జవాబు, "మనవాళ్లు తినరు నాన్నా" అని. వెంటనే వాడు తన ఫ్రెండ్ పేరు చెప్పాడు. గుంటూరు వాళ్లే, క్రిస్టియన్లు, వాళ్లింట్లో తింటారు. "వాళ్లు తెలుగువాళ్లు కాదా?" అన్నాడు. వాడి మాట నిజం. తెలుగు నేల మీద తరతరాలుగా తినేవాళ్లు ఉన్నారు, అది వాళ్ల తిండి, వాళ్లూ మనవాళ్లే. నేను పెరిగిన వీధిని తెలుగుదేశం మొత్తం అనుకుని మాట్లాడటం సరికాదు. మా ఇంట్లో తినం అనడం ఒక్కటే నిజం. రెండో జవాబు, ఆవు తల్లిలాంటిది, పాలిస్తుంది అని. "మరి మేక కూడా పాలిస్తుందిగా, ఆదివారం మనం తింటాంగా" అన్నాడు. డెయిరీ ఫారాల్లో మగదూడలు ఏమవుతాయో స్కూల్లో ఏదో ప్రాజెక్టుకి చదివాడట, అదంతా చెప్పాడు. మా చిన్నది పక్కనుంచి వింటూ, "అయితే పెరుగన్నం కూడా మానెయ్యాలా?" అని ఏడుపు మొహం పెట్టింది. ఇక చివరికి మిగిలింది అసలు కారణం. "తాతయ్య బాధపడతారు" అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది ముందే చెప్పి ఉండొచ్చుగా" అన్నాడు.

మా నాన్నది తెనాలి. శనివారం నీచు ముట్టరు. మా చిన్నప్పుడు కోడికూర వండే గిన్నె కూడా వేరుగా ఉండేది, పెరట్లోనే తోమేవాళ్లు. ఆ ఇంట్లోంచి వచ్చి నేను చాలానే మార్చుకున్నాను. వారాలు పట్టించుకోను, అన్నీ ఒకే డిష్‌వాషర్‌లో పడేస్తాను. ఈ ఒక్కటి మాత్రం వదల్లేదు. ఎందుకని అడిగితే శాస్త్రం చెప్పలేను. ఇవన్నీ ఒక్కొక్కటే జారిపోతున్నప్పుడు ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. నేను పట్టుకున్నది ఇది. కానీ పట్టుకున్నది నేను, ఆ బల్ల దగ్గర కూర్చుని వేరుగా తింటున్నది వాడు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఎవరి పక్కన కూర్చుని ఎవరు తినొచ్చు అన్న లెక్కతో మన ఊళ్లలో ఎంతమందిని పంక్తికి దూరంగా కూర్చోబెట్టారో నాకు తెలుసు. అందరితో కలిసి తినడం ఎంత పెద్ద విషయమో తెలిసినదాన్నే, కొడుకుని ఫ్రైస్ తినమని పంపుతున్నాను.

మర్నాడు కూర్చుని మెనూలన్నీ చదివాను. ఈ ఊరికి కొత్తగా వచ్చే తల్లులకి పనికొస్తుందని చెప్తున్నాను: స్కైలైన్‌లో మాంసం సాస్ బదులు బ్లాక్ బీన్స్, రైస్ వేసి త్రీ వే చేసిస్తారు. చూడ్డానికి అదే ప్లేటు, అదే చీజ్ గుట్ట. పిల్లాడు అందరిలాగే త్రీ వే ఆర్డర్ చెప్పుకోవచ్చు, బ్లాక్ బీన్స్‌తో అని చెప్పాలి అంతే. తర్వాతి శనివారం మావాడు అదే తిన్నాడు. ఇంటికి వచ్చి, "బాగుందమ్మా, థాంక్స్" అన్నాడు. బూట్లు విప్పుతూ, "కానీ నేనడిగింది ఇది కాదు" అన్నాడు.

అందరం ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లే చోట్లు లేకపోలేదు. గ్రేటర్స్ ఐస్‌క్రీమ్ ఉంది, 1870 నుంచి. ఒక్కో విడత రెండున్నర గ్యాలన్లే, గుండ్రంగా తిరిగే కుండలో గడ్డకట్టిస్తారు. కరిగించిన చాక్లెట్‌ని అందులోకి పోసి, గట్టిపడ్డాక విరగ్గొడతారు. అందుకే బ్లాక్ రాస్‌బెర్రీ తింటుంటే మధ్యలో రాయంత చాక్లెట్ ముక్క పంటికి తగులుతుంది. మా అత్తగారు వచ్చినప్పుడు ఆ ముక్కల కోసం పిల్లలతో పోటీ పడ్డారు. శనివారం పొద్దున్నే ఫిండ్లే మార్కెట్‌కి వెళ్తే ఇంకా బాగుంటుంది. 1855లో తెరిచిన బజారు, కూరగాయలవాళ్ల నుంచి మసాలా దినుసుల వాళ్ల దాకా ఉంటారు. ఎవరికి నచ్చింది వాళ్లు కొనుక్కుని బయట బల్లల దగ్గర కూర్చుంటారు. ఒకే బల్ల మీద నాలుగు రకాల తిండి, ఎవరూ ఎవరినీ అడగరు.

ఆ మార్కెట్ ఉన్న పేటని ఓవర్ ద రైన్ అంటారు. ఒకప్పుడు అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది జర్మన్లే. పేటకి ముందు ఉన్న కాలువని తమ దేశపు నది పేరుతో పిలుచుకున్నారు, ఆ పేరు ఊరి నోట్లో నిలిచిపోయింది. 19వ శతాబ్దంలో ఇక్కడి ప్రభుత్వ బడుల్లో జర్మన్, ఇంగ్లీషు రెండింటిలోనూ పాఠాలు చెప్పేవాళ్లు. జర్మన్ పత్రికలు, జర్మన్ చర్చిలు అన్నీ ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అంతా తలకిందులైంది. 1918లో వీధుల పేర్లు మార్చేశారు. బ్రెమెన్ వీధి రిపబ్లిక్ వీధి అయింది, జర్మన్ వీధి ఏకంగా ఇంగ్లిష్ వీధి అయింది. బడుల్లో ఆ భాష పోయింది. కానీ గెటా ఉంది. పంది మాంసమో, బీఫో కొంచెం వేసి, దండిగా ఓట్స్ కలిపి ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాల్చే పేదవాళ్ల టిఫిన్ అది. ఇవాళ్టికీ ఊళ్లో ఏ చిన్న డైనర్‌కి వెళ్లినా గుడ్లతో పాటు అడుగుతారు. అది తినేవాళ్లలో చాలామందికి జర్మన్ ముక్క రాదు.

ఇది తలుచుకుంటే నాకు ధైర్యం రావాలో, భయం వేయాలో తెలియదు. మావాడి పిల్లలు దోశ తింటారు, అందులో అనుమానం లేదు, ఈ ఊరివాళ్లు కూడా తింటారు. తెలుగు మాట్లాడతారా? నేను ఏది తినకూడదో చెప్పడానికి ఇంత పట్టుదల పట్టాను. మనసులో ఉన్నది అడగడానికి వాడికి తెలుగు మాటలు నేర్పడానికి అంత పట్టుదల పట్టానా? పిల్లాడు బీఫ్ తినకుండా, తెలుగు రాకుండా పెరిగితే నాకు సంతోషమా? తింటూ, తాతయ్యతో గంటసేపు తెలుగులో కబుర్లు చెప్పగలిగితే బాధా? రెండూ కావాలని నా ఆశ. రెండూ దక్కుతాయో లేదో చెప్పలేను.

మా ఆయన మాట వేరు. "పదహారేళ్లకి కారు తాళం ఇస్తాం, అప్పుడేం తింటాడో మనం వెళ్లి చూస్తామా, ఇప్పుడే వాడికి వదిలెయ్" అంటారు. నాకు అంత తేలిగ్గా మనసొప్పడం లేదు. వాడితో చివరికి ఇలా అన్నాను: "ఇప్పటిదాకా అది నా నిర్ణయమే. నువ్వు ఆలోచించుకో. ఇంట్లో నేను వండను. బయట ఏం చేసినా నాతో అబద్ధం చెప్పకు, నీ ఫ్రెండ్స్‌తోనూ చెప్పకు." అది అనుమతో కాదో వాడు అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

జూన్‌లో మా నాన్న వస్తున్నారు. మనవడి మ్యాచ్ చూస్తానని ఇప్పటినుంచే ఫోన్లో సంబరపడుతున్నారు. ఆ రోజు పార్లర్‌కి వద్దు, నేరుగా ఇంటికి వచ్చేయమందాం, అనవసరంగా టెన్షన్ ఎందుకని మా ఆయన అన్నారు. నేను ఒప్పుకోలేదు. టీమ్‌తో పాటు తాతయ్యనీ తీసుకెళ్లమన్నాను. ఉల్లిపాయ ముక్కలు కూడా వేయమని చెప్పి బ్లాక్ బీన్స్ ఫోర్ వే ఇప్పిస్తే ఆయనకి నచ్చొచ్చు. కారం చాలదంటారు, హాట్ సాస్ అడిగితే ఇస్తారు. పక్క ప్లేట్లలో ఏముందిరా అని తప్పకుండా అడుగుతారు, నువ్వూ తింటావా అని కూడా అడుగుతారు. ఏం చెప్పాలో నేను నేర్పి పంపను. "బీఫ్‌ని తెలుగులో ఏమంటారమ్మా?" అని నిన్న మావాడు వచ్చి అడిగాడు. చెప్పాను.