పొడగరికి తగిన బండి కోసం విశాఖ దారుల్లో

ఆరడుగుల రెండంగుళాల మనిషి మోటారు సైకిల్ కొంటానంటే చాలు, వినేవాళ్ళందరూ ఒకటే సలహా ఇస్తారు: "నీ పొడుగుకి బుల్లెట్ అయితేనే నిండుగా ఉంటుంది." చూసేవాళ్ళ కంటికి నిండుగా ఉండడం వేరు, నడిపేవాడి మోకాళ్ళకు సుఖంగా ఉండడం వేరు. ఈ తేడా తేల్చుకోవడానికి మా రాజమండ్రిలో నాకు వీలు దొరకలేదు. షోరూంలో బండి ఎక్కి కూర్చోనిచ్చారు గానీ, నడిపి చూస్తానంటే వెనక సందు చివరిదాకా వెళ్ళి రమ్మన్నారు. రెండు నిమిషాల్లో ఏ బండైనా బాగానే ఉంటుంది. మోకాలు సంగతి, నడుము సంగతి తెలియడానికి గంట పడుతుంది. లక్షన్నర, రెండు లక్షలు పెట్టే కొనుగోలుకు ఆ గంట ఇవ్వని పద్ధతి మీద నాకు కోపం వచ్చింది. అందుకే విశాఖపట్నం వెళ్ళి, రకానికొకటి చొప్పున బళ్ళు అద్దెకు తీసుకుని, తృప్తిగా నడిపి చూసిన తరువాతే డబ్బు తీయాలని నిర్ణయించుకుని రత్నాచల్ ఎక్కాను.

విశాఖనే ఎంచుకోవడానికి కారణం ఆ ఊరి దారులే. పాండురంగాపురం దిగుడు లాంటి నిటారు వాలు, భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే బీచ్ రోడ్డు, శృంగవరపుకోట దాటాక అరకు ఘాటు రోడ్డు, ఇవన్నీ ఒకే ఊరి నుంచి అందుతాయి. చదును నేల మీద ఉన్న మా ఊళ్ళో వాలు మీద బండి ఆపి మళ్ళీ కదిలించే అవసరం కొవ్వూరు వంతెన ఎక్కేటప్పుడు తప్ప రాదు. గేర్ల బండి లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన నాలాంటివాడికి అసలు పరీక్ష అక్కడే ఉంటుంది.

ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల బళ్ళు అద్దెకిచ్చే దుకాణాలు చాలా ఉన్నాయి. అద్దె బండి నంబరు ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉంటుంది గనుక గుర్తుపట్టడం తేలిక. శని, ఆదివారాలకు వాళ్ళు చెప్పే అద్దె వింటే మాత్రం ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. దానికి తోడు డిపాజిట్టు, పెట్రోలు మనవే. అంత తీసుకుని ఇచ్చే హెల్మెట్టు నా తలకు పట్టలేదు. నా సైజుది వాళ్ళ దగ్గర ఒక్కటీ లేదు. చివరికి డాబాగార్డెన్స్‌లో ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్టు కొనుక్కోవలసి వచ్చింది. పొడుగాటి మనుషులు బండి కన్నా ముందు తమ హెల్మెట్టు తాము కొనుక్కోవాలని నా అభిప్రాయం.

మొదట తీసుకున్నది అందరూ వాడే 150 సీసీ బండి. ఎం.వి.పి. కాలనీలో ఉండే మా పిన్ని కొడుకు వెనక కూర్చున్నాడు. అప్పూఘర్, జోడుగుళ్ళపాలెం, తెన్నేటి పార్కు దాటేవరకు హాయిగానే ఉంది. సాగర్ నగర్ దగ్గర కుడి మోకాలు లాగడం మొదలైంది. రుషికొండ వచ్చేసరికి కాలు చాపకుండా ఉండలేకపోయాను. పైగా వెనక్కి తిరగడానికి హ్యాండిల్ పూర్తిగా తిప్పితే దాని చివర నా మోకాలికి తగులుతోంది. రద్దీలో మలుపు తిరిగే సమయంలో అది ప్రమాదం కూడా. "అన్నయ్యా, బండి నీకు చిన్నదైపోయింది" అన్నాడు మా తమ్ముడు. చిన్నదంటే ఎక్కడ చిన్నదో తెలిస్తే గదా మరొకటి వెతకడానికి! రుషికొండలో కొబ్బరిబోండాం తాగుతూ సీటు మీద నుంచి ఫుట్‌రెస్టు దాకా జేనలతో కొలిచాను. నా తొడ, పిక్క పొడవులకు ఆ దూరం ఏ మాత్రం చాలదు. కాలు అంతగా మడత పడ్డాక సీటు ఎంత మెత్తగా ఉన్నా ప్రయోజనం లేదు.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే బళ్ళ సీటు ఎత్తు 780 నుంచి 800 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. స్ప్లెండర్ ప్లస్‌కు 785, షైన్ 125కు 791. అందరూ నాకు చెప్పిన బుల్లెట్ కుటుంబంలోని క్లాసిక్ 350కి 805. అంటే స్ప్లెండర్ కన్నా రెండు సెంటీమీటర్లే ఎక్కువ. బరువు చూస్తే స్ప్లెండర్ 112 కిలోలు, క్లాసిక్ 195 కిలోలు. అంత తేడా బరువులో కనిపిస్తుంది గానీ కాలికి దొరికే చోటులో కనిపించదు. ఈ అంకెలు కాగితం మీద చదివినప్పుడు నాకు పట్టలేదు. మోకాలు నొప్పి పెట్టిన తరువాత ఒక్కొక్క మిల్లీమీటరుకూ అర్థం తెలిసింది.

మా నాన్నగారు కూడా పొడగరే. ఆయన లూనా మీద ఆఫీసుకు వెళ్ళేవారు. మోకాళ్ళు రెండూ బయటికి పెట్టి, మడమలు లోపలికి తిప్పి కూర్చునేవారు. సాయంత్రం వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని చాలాసేపు మాట్లాడకుండా ఉండేవారు. అది ఆఫీసు అలసట అనుకునేవాళ్ళం. బీచ్ రోడ్డు మీద ఆ పూట నాకు ఆయన కాళ్ళే గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఆయనకు ఎంచుకునే అవకాశం లేదు. నాకు ఉంది గనుక తొందరపడకూడదనిపించింది.

తరువాత ఒక 350 సీసీ బండి తీసుకుని భీమిలి దాకా వెళ్ళాను. నడుము నిటారుగా ఉంది, హ్యాండిల్ చేతికి తేలిగ్గా అందింది, సముద్రం మీద నుంచి పక్కగాలి కొట్టినా బండి చలించలేదు. మంగమారిపేట వరకు ఇదే నా బండి అనుకున్నాను. భీమిలిలో ఇసుక పేరుకున్న రోడ్డు అంచున ఆపి, తిరిగి వెనక్కి లాక్కోవలసి వచ్చినప్పుడు మాత్రం చేతులు వణికాయి. పొడుగు మనిషికి రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనుతాయి, నిజమే. అయితే రెండువందల కిలోలకు దగ్గరగా ఉన్న బండి ఒకసారి పక్కకు ఒరిగితే దాన్ని నిలబెట్టేది పొడుగు కాదు, బలమూ అలవాటూ. పాండురంగాపురం వాలు మీద, వెనక ఆటో హారను కొడుతుండగా, ఆ బరువును క్లచ్చు మీద ఆపుకోవడం కొత్తవాడికి పెద్ద పని. ఇది బండి లోపం కాదు. ఏడాదో రెండేళ్ళో నడిపినవాడికి ఇదే బండి సుఖంగా ఉండవచ్చు. మొదటి బండిగా మాత్రం నేను దాన్ని ఎవరికీ చెప్పను.

సీటు తక్కువ ఎత్తులో ఉండి ఫుట్‌రెస్టు ముందుకు ఉండే క్రూజర్ రకం కూడా పరిశీలించాను. మెటియోర్ 350 సీటు ఎత్తు 765 మాత్రమే. అయినా కాళ్ళు ముందుకు చాపుకునే వీలుంటుంది గనుక మోకాలు అంతగా మడవదు. చిక్కేమిటంటే, ఆ భంగిమలో శరీరం బరువు అంతా వెన్నెముక అడుగున పడుతుంది. గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టు మీద లేచి నిలబడడానికి వీలు చిక్కదు. మన రోడ్ల మీద అలా లేవగలగడం ముఖ్యం.

ఇక అరకు. గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస మీదుగా వెళ్ళిన ఆ ప్రయాణంలో నేను తీసుకున్నది హీరో ఎక్స్‌పల్స్ 200 4వి. దాని సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, బరువు సుమారు 160 కిలోలు. ఎత్తు తక్కువవాళ్ళు ఆ 825 చూసి వెనకాడతారు. నాకు ఆ అంకెలోనే ఉపశమనం దొరికింది. గతుకులను మింగడానికి ముందు సస్పెన్షన్‌కు 190 మిల్లీమీటర్ల కదలిక ఇచ్చారు, నేలకూ ఇంజనుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం ఇచ్చారు, వాటివల్ల సీటు పైకి లేచింది. నాలాంటివాళ్ళను మనసులో పెట్టుకుని చేసింది కాకపోయినా, ఆ లెక్క మా మోకాళ్ళకు కలిసొచ్చింది. హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉండడంతో ఎంత తిప్పినా మోకాలికి తగల్లేదు.

అయినా కొత్తవలస దాటాక ఎడమ కాలి చీలమండ నొప్పి పెట్టసాగింది. గేరు మార్చినప్పుడల్లా పాదాన్ని కిందికి వంచి బూటు మొనను లివరు కిందికి దూర్చవలసి వస్తోంది. నా బూటు పన్నెండో నంబరు. ఒకటి రెండు సార్లు గేరు పడనేలేదు. ఘాటు ఎక్కకముందే ఈ సంగతి చూసుకోవాలని శృంగవరపుకోటలో రోడ్డు పక్క మెకానిక్ షెడ్డు దగ్గర ఆగాను. అరవై దాటిన మనిషి, టీవీఎస్ ఎక్సెల్ ఒకటి విప్పి కూర్చున్నారు. నేను చెప్పేదాకా ఆగకుండా నా బూటు వంక చూసి, "ఇదేటి బాబూ, మీ కాలికీ ఈ రాడ్డుకీ సరిపడదు. కాసేపు కూకోండి" అన్నారు. అద్దెకిచ్చినవారికి ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాక ఆయన పని మొదలుపెట్టారు. లివరు బోల్టు వదులు చేసి, దాన్ని షాఫ్టు మీద నుంచి బయటికి లాగి, షాఫ్టు చుట్టూ ఉండే గాట్లలో ఒక పన్ను పైకి జరిపి మళ్ళీ బిగించారు. బ్రేకు పెడల్ ఎత్తు కూడా సరిచేశారు. హ్యాండిల్ క్లాంపులు వదులు చేసి, నన్ను ఫుట్‌రెస్టు మీద నిలబడమని, నా చేతులు ఎక్కడికి వస్తున్నాయో చూసి కొద్దిగా ముందుకు తిప్పారు.

"అందరూ సీటెంత ఎత్తుందని అడుగుతారండి. ఫుట్‌రెస్టు ఎక్కడుందో సూడరు. మీ కాలు మడత పడేది అక్కడే కదా" అన్నారాయన చేతులు తుడుచుకుంటూ. రుషికొండలో జేనలతో కొలిచి నేను వెతుక్కున్న విషయం ఆయన నోట ఒక్క మాటలో వచ్చింది. సీటు ఇంకా ఎత్తు కావాలంటే సీటు కట్టేవాళ్ళ దగ్గర ఫోము వేయించుకోవచ్చుననీ, అయితే మెత్తటి ఫోము కొద్ది నెలలకే అణిగిపోతుంది గనుక గట్టిది అడిగి వేయించుకోమనీ చెప్పారు. ఇంత పనికి ఆయన తీసుకున్న డబ్బు ఆ తరువాత ఘాటు మీద నేను రెండు టీలకు ఇచ్చినదాని కన్నా కొంచెమే ఎక్కువ. ఇంకా ఇవ్వబోతే తీసుకోలేదు. షోరూంలో అన్ని ప్రశ్నలు అడిగినా ఇవేవీ సరిచేయవచ్చునన్న ముక్క నాకెవరూ చెప్పలేదు. ఒక స్పానరుతో తీరే ఇబ్బందికి బండినే వద్దనుకున్న పొడగరులు ఎందరున్నారో!

బొడ్డవర దాటాక ఘాటు మొదలైంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, ఒకటొకటిగా పైకి వెళ్తుంటే బండి రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య సాఫీగా నడిచింది. బిగుతు మలుపుల్లో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు అంచున ఆగి కాలు మోపితే పాదం నిండుగా ఆనింది, బండి తేలిగ్గా నిలబడింది. మిరియం తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ తోటలు కళ్ళ పక్క నుంచి వెళ్ళిపోయాయి. బొర్రా గుహల దారి వచ్చినా తిరగలేదు. నా ధ్యాసంతా మోకాలు ఎప్పుడు లాగుతుందా అనే దాని మీదే ఉంది. సుంకరమెట్ట చేరినా అది లాగలేదు. అరకులో బొంగులో చికెన్‌కు పర్యాటకుల ధర చెప్పారు. అంత సంతోషంలో బేరం ఆడబుద్ధి కాలేదు.

దీనికీ ఒక లోటుంది. విశాఖ తిరిగొచ్చాక పిన్నిని ఎక్కించుకుని సింహాచలం తీసుకువెళ్దామంటే, చీరతో ఆ వెనక సీటు ఎక్కడం ఆవిడ వల్ల కాలేదు. "ఒరే నాయనా, ఇది బండా, గుర్రమా? నేనెక్కలేను" అని ఆటో పిలవమంది. ఇంట్లో పెద్దవాళ్ళను తిప్పవలసినవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. మా ఇంట్లో స్కూటరు ఒకటి ఉంది గనుక నాకు పేచీ లేకపోయింది.

ధరల లెక్క కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటి మీద 40 శాతానికి పెరిగింది. పొడగరులకు బాగా కుదిరే 452 సీసీ హిమాలయన్ ఆ గీత అవతల పడింది. సీటు 835 మిల్లీమీటర్లు ఉన్న 249 సీసీ వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్ గీత ఇవతలే ఉన్నా, లైఫ్ ట్యాక్సు, అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కలిపేసరికి నా సంచి దాటిపోయింది. అందువల్ల ఎక్స్‌పల్స్‌నే, అదీ సెకండ్ హ్యాండ్‌లో చూశాను.

విశాఖలో పాత బండి కొనేటప్పుడు ఉప్పుగాలిని గుర్తుంచుకోవాలి. ట్యాంకు అడుగు, స్పోకుల మొదళ్ళు, గొలుసు, సైలెన్సరు మలుపు, ఈ చోట్లలో తుప్పు తొందరగా పడుతుంది. నంబరు ప్లేటు మీద ఏపీ31 చూసి ఇది విశాఖ బండి అని పోల్చుకునే వీలు 2019తో పోయింది. అప్పటి నుంచి రాష్ట్రమంతటికీ ఉమ్మడి సిరీసే గనుక ఆర్సీలో చిరునామా చదవాలి. సముద్రానికి ఎదురింటి బండి ఒకటి చవకగా వస్తున్నా తుప్పు చూసి వదిలేశాను. గోపాలపట్నంలో దొరికినదాని స్పోకులు శుభ్రంగా ఉన్నాయి. యజమాని ఎత్తు తక్కువ మనిషి. సిగ్నళ్ళ దగ్గర కాలు అందక అమ్మేస్తున్నానని ఆయనే చెప్పారు. బండి నా పేరు మీదికి మారడానికి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని, ఇన్సూరెన్సు తేదీ చూసుకుని డబ్బు ఇచ్చాను.

గేరు లివరును అక్కడే ఒక పన్ను పైకి జరిపించి, అనకాపల్లి, తుని మీదుగా హైవే పట్టి రాజమండ్రికి దాని మీదే వచ్చాను. ఎనభై దాటితే గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. నిటారుగా కూర్చునే బండికి ఆ మాత్రం తప్పదు. అందుకే డెబ్బై దగ్గరే ఉంచాను. తునిలో టీ కోసం ఆగినప్పుడు కాళ్ళు చాపుకోవలసిన అవసరం కనిపించలేదు. సీటు ఫోము మాత్రం అణిగి ఉంది. గట్టి ఫోము వేయించడానికి వచ్చే ఆదివారం ఇవ్వాలి.